గాలికి ముస్తాబు

"మీ కోడలు ఏం ఉద్యోగం చేస్తది?" అని ఎవరైనా అడిగితే మా అత్తగారు ఒక్క క్షణం కూడా తడుముకునేది కాదు. "దుమ్ము లెక్కవెడ్తది," అనేది. అక్కడితో ఆగితే బాగుండేది. "మా ఇంట్ల దుమ్ము దులపనీకి టైం దొరకది గానీ, ఊరందరి దుమ్ము మాత్రం మంచిగ లెక్కవెట్టొస్తది," అని కూడా కలిపేది. నా పని గురించి నేను విన్న వర్ణనల్లో ఇంతకంటే సరైనది ఇప్పటికీ లేదు.

కంటికి కనిపించని కణాలను లేజర్ వెలుగుతో పట్టుకునే పరికరాలుంటాయి. వాటిని బిగించడం, సరిచూడడం, మొరాయిస్తే బాగుచేయడం నా ఉద్యోగం. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల చిమ్నీలు, మిర్యాలగూడ రైసు మిల్లులు, సూర్యాపేట ఆస్పత్రుల ఆపరేషన్ థియేటర్లు నా తిరుగుడు. మా కంపెనీ ఆఫీసు కోదాడలో హైవే పక్కన ఒక టైర్ల షాపు పైన ఉండేది. స్వచ్ఛమైన గాలిని కొలిచే పరికరాలు అమ్మడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా అని వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు. మా ఆఫీసులో మా పరికరం ఆన్ చేస్తే అదే బెదిరిపోయేది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏం చదవాలి మేడం అని అడుగుతుంటారు. పరికరంతో పాటు ఒక మాన్యువల్ వస్తుంది, అది చదవండి, చాలు. అందులో లేనివి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. మీకు ఆసక్తి ఉండదు, నాకు పెద్దగా రానూ లేదు.

వెలుగులో పడ్డ దుమ్ము

పాత టాకీసుల్లో సినిమా చూసినవాళ్లకు నా పని వివరించడం సులువు. వెనక గదిలోంచి తెర దాకా వెలుగు ఒక దారి వేసుకుని పోయేది. ఆ దారిలో బీడీ పొగ సుడులు తిరుగుతూ కనిపించేది. నిజానికి పొగ హాలంతా ఉండేది. వెలుగులో పడ్డప్పుడే కంటికి ఆనేది. మా పరికరం చేసేదీ అదే. చిన్న పంపు గాలిని పీలుస్తుంది. ఆ గాలి సన్నటి లేజర్ వెలుగును దాటుకుని పోతుంది. అందులో కణం ఉంటే దాని మీద పడ్డ వెలుగు చెదిరి, చిన్న మెరుపు పుడుతుంది. పక్కనే ఉన్న సెన్సర్ ఆ మెరుపును పట్టుకుంటుంది. ఎన్ని మెరుపులో అన్ని కణాలు. మెరుపు పెద్దదైతే కణం పెద్దది. చిమ్నీల మీద పద్ధతి కొంచెం వేరు. అక్కడ వెలుగును ఈ గోడ నుంచి ఆ గోడకు పంపి, దారిలో ఎంత తగ్గిందో చూస్తాం.

ఇందులో భయపడాల్సిందేమీ లేదు. అయితే మన జనానికి లేజర్ అంటే రెండే తెలుసు: కంటి ఆపరేషను, కిడ్నీలో రాళ్లు. నేను చిమ్నీ ఎక్కబోతుంటే ఒక ఫిట్టర్ వచ్చి, "దిగినంక నా ఎడమ కన్ను జర సూడుండ్రి మేడం, మసక మసక కొడ్తుంది," అన్నాడు. ఇంకొకాయన నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు రాయి ఉందట. ఇక గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లది వేరే గోల. బ్యాగు భుజాన వేసుకుని నేను దిగగానే, "ఇంజనీర్ సారు ఎప్పుడొస్తడమ్మా?" అనేవాళ్లు. "వచ్చిండు, గేటు తీయి," అనేదాన్ని. వాళ్లు నా వెనక చూసేవాళ్లు.

మీరు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. లేజర్‌కు తెలివి లేదు. ఎదురొచ్చింది సిమెంటా, ఊక బూడిదా, అగరుబత్తి పొగా అన్నది దానికి అక్కర్లేదు. అడ్డొచ్చినవాటిని లెక్కపెట్టి చేతులు దులుపుకుంటుంది. తెలివి మనం ఇంటి దగ్గర నుంచి తెచ్చుకోవాలి.

చిమ్నీకి బొట్టు

ఏ ఫ్యాక్టరీయో పేరు చెప్పను. దసరా మర్నాడు ఫోన్ వచ్చింది. చిమ్నీ మీటరు చూపించాల్సినంత చూపించి, ఆపైన చూపించడానికి అంకె లేక ఆగిపోయిందట. దుమ్ము పట్టే గుడ్డ సంచులన్నీ ఒకేసారి చిరిగిపోయాయని కంట్రోల్ రూమువాళ్లు తీర్మానించేశారు. బట్టీ ఆపాలా వద్దా అని పెద్దవాళ్లందరూ మీటింగులో ఉన్నారు. బట్టీ ఆపడమంటే పొయ్యి మీద గిన్నె దించడం కాదు, మళ్లీ వెలిగించడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

నేను కిందనుంచి చిమ్నీ కేసి చూశాను. ఆకాశం నీలంగా ఉంది, పొగ జాడ లేదు. పైకి ఎక్కి పరికరం మూత తీస్తే లెన్స్ మధ్యలో గుండ్రంగా పసుపు, దాని మీద కుంకుమ. చాలా ముచ్చటగా పెట్టారు. వెలుగుకు బొట్టు అడ్డుపడితే, మీటరు దాన్నే పొగ అనుకుంది.

కిందికి దిగి అడిగితే ఆపరేటర్ నర్సయ్య దాచుకోలేదు. "ఆయుధ పూజ గద మేడం. అన్ని మిషన్లకు పెట్టినం. గింత పెద్ద మిషన్, నడిమిట్ల కన్నున్నది. దీనికొక్కదానికి పెట్టకపోతే ఎట్లుంటది?"

"మూత ఎందుకు తీసినవ్?"

"మొఖానికి పెడ్తరు గానీ ముసుగు మీద పెడ్తరా?"

ఆ ఫ్యాక్టరీ మేనేజరు సర్క్యులర్ తీస్తానన్నాడు, పరికరాలకు బొట్టు పెట్టినవాళ్ల మీద చర్య అని. వద్దని చెప్పాను. ఎర్ర పెయింటు తెప్పించి, పరికరం డబ్బా మీద రూపాయి బిళ్లంత గుండ్రం గీసి, పక్కన "బొట్టు ఇక్కడ" అని రాశాను. ఆ తరవాత ఏ దసరాకూ నాకు ఫోన్ రాలేదు. జనం చేసే పనిని ఆపాలని చూడకండి. దానికో చోటు చూపించండి.

పిచ్చయ్య గారి ప్రశ్న

మా బాసు పిచ్చయ్య గారిది కోదాడే. సన్నగా, ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో, పొడుంకాయ పక్కన పెట్టుకుని కూర్చునేవారు. గాలిలో కణాలు లెక్కపెట్టే కంపెనీకి మేనేజరు, ముక్కులోకి మాత్రం ఆయనే కణాలు ఎక్కించుకునేవారు. పరికరాల దగ్గరికి వస్తే పొడుంకాయ బయట పెట్టించేదాన్ని. "నన్నే బయటికి పంపుతావటమ్మా," అని నవ్వుతూనే పెట్టేవారు.

మంచి బాసులు, చెడ్డ బాసులు ఇద్దరినీ చూశాను. చెడ్డ బాసు అంకె అడుగుతాడు. ఎంత వచ్చింది, లిమిటు దాటిందా, సంతకం పెట్టి పంపు. అంతే. పిచ్చయ్య గారు అంకె చెప్పనిచ్చేవారు కాదు. ఎక్కడి నుంచి ఫోన్ చేసినా, నేను నోరు తెరవగానే అడ్డుపడేవారు.

"అంకె తరవాత చెబుదువుగానమ్మా. అంకె వచ్చినప్పుడు అక్కడ ఎవరున్నారో చెప్పు. వాళ్లేం చేస్తున్నారో చెప్పు."

కొత్తలో నాకు ఒళ్లు మండేది. నేను ఎండలో చిమ్నీ దిగి చెమటలు కక్కుతుంటే, ఈయనకు పక్కన ఎవరున్నారో కావాలి, పెళ్లికి వచ్చిన చుట్టాల పేర్లు అడిగినట్టు. ఆ ప్రశ్న ఎంత విలువైనదో నాకు మిర్యాలగూడలో ఒక మిల్లు ఓనరు నేర్పాడు.

లింగయ్య సేటు వాన

లింగయ్య సేటుది పెద్ద బాయిల్డ్ రైసు మిల్లు. పక్క కాలనీ ఆడవాళ్లు ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయని గొడవ చేశారు. సేటుకు పౌరుషం వచ్చింది. తన మిల్లు ఎంత శుభ్రంగా ఉందో లేజర్ పెట్టి నిరూపిస్తానని కాలనీవాళ్లకు సవాలు విసిరి, నన్ను పిలిచాడు. ఫలానా రోజు వస్తున్నానని నేను ముందే చెప్పాను. అదే కొంప ముంచింది.

మన వైపు చుట్టాలొస్తున్నారంటే ఏం చేస్తాం? వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతాం. సేటు కూడా అదే చేశాడు, కాకపోతే సేటు స్థాయిలో. పొలాలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు కిరాయికి తెచ్చి, తెల్లవారినప్పటి నుంచి మిల్లంతా నీళ్లు కొట్టించాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో తెరలు తెరలుగా తుంపర. చెట్లు, లారీలు, హమాలీలు అందరూ తడిసి ముద్దయి మెరుస్తున్నారు. సేటు గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎట్లున్నది మేడం? దుమ్ము ఒక్క నలుసున్నదా?"

పరికరం ఆన్ చేశాను. నా ఉద్యోగ జీవితంలో రైసు మిల్లులో అంత పెద్ద అంకె అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. సేటు మొహం మాడిపోయింది.

"గిదేంది? నీళ్లు గూడ దుమ్మేనా దీనికి?"

"దానికి నీళ్లో దుమ్మో తెల్వది సేటూ. అడ్డమొస్తే లెక్కవెడ్తది."

"మరి నేను పొద్దటి సంది కొట్టించిందంతా నా మీదికే వచ్చెనా?"

"వచ్చె."

కాలనీ ఆడవాళ్లు గోడ అవతల నుంచి పడీ పడీ నవ్వుతున్నారు. స్ప్రేయర్లు ఆపించి, అంతా ఆరేదాకా కూర్చుని, మధ్యాహ్నం మళ్లీ కొలిచాను. వాకిలి బాగానే ఉంది. బాయిలర్ వెనక ఊక బూడిద పడేచోట మాత్రం మూత లేదు, గాలి లేచినప్పుడల్లా బూడిద నేరుగా కాలనీ బట్టల మీదికి పోతోంది. సేటు గొణుక్కుంటూనే రేకుల షెడ్డు వేయించాడు. మంచివాడే. చుట్టం కోసం వాకిలి ముస్తాబు చేస్తే ఆ ముస్తాబే తన మీద సాక్ష్యం చెబుతుందని పాపం ఆయనకేం తెలుసు?

అప్పటి నుంచి నేను ఎక్కడికి వెళ్లినా, నేను వస్తున్నానని మీరు కొత్తగా ఏం చేశారు అని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. ఒక్కచోట అడగడం కుదరలేదు, ఎందుకంటే అక్కడ ప్రశ్నలు అడిగే హక్కు ఒక్కరికే ఉండేది.

సూర్యాపేటలో ఫెయిలైన థియేటర్

అది ఎముకల ఆస్పత్రి. హైవే మీద ప్రమాదాలు, ముసలివాళ్ల మోకాళ్లు, ఎప్పుడూ కిటకిటలాడేది. యజమాని, సర్జను ఒకరే. ఊళ్లో అందరూ పెద్ద డాక్టరు అనే పిలిచేవారు, నేనూ అలాగే రాస్తాను. హస్తవాసి గొప్పదని, నోటి దురుసు అంతకంటే గొప్పదని పేరు. ఆయన వరండాలో నడిచొస్తుంటే కుర్చీలు కూడా లేచి నిలబడతాయేమో అనిపించేది.

మోకాలి చిప్పలు మార్చే థియేటర్లో గాలి చాలా శుభ్రంగా ఉండాలి. సీలింగులో పెద్ద ఫిల్టర్లుంటాయి. ఏడాదికి రెండుసార్లు లేజర్‌తో కణాలు లెక్కపెట్టి పాసైతేనే ఆపరేషన్లు. చలికాలంలో మేమే పరీక్ష చేశాం, హాయిగా పాసైంది. ఎండలు ముదిరాక చేస్తే ఫెయిలైంది. బాగా తుడిచి మళ్లీ చేయించారు, మొదటిసారి కంటే ఘోరంగా ఫెయిలైంది. ఆ రెండుసార్లూ వెళ్లింది మా ఆఫీసులో వేరే ఇంజనీరు. మోకాళ్ల ఆపరేషన్లన్నీ ఆగిపోయాయి. మూడోసారికి నన్ను పంపారు.

థియేటర్ తలుపు దగ్గర నన్ను ఆపింది సైదమ్మ సిస్టర్. మోతె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆస్పత్రి తెరిచిన నాటి నుంచి ఈ థియేటర్ ఆమె చేతిలోనే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నోరు మాత్రం ఏమాత్రం మెత్తబడలేదు.

"చెప్పులు ఆడ. బ్యాగు ఈడ. నీ మిషన్‌ను గూడ తుడిచి లోపలికి తేవాలె."

తుడిచాను. ఆమె మళ్లీ తుడిచింది. తుడుస్తూనే చెప్పింది. "ఒకటో తారీకు నుంచి రావద్దన్నడు సారు. థియేటర్ సక్కగ పెడ్తలేనంట. నేను తుడిచిన గచ్చు మీద అన్నం కలుపుకొని తినొచ్చు మేడం. గా మాట బయటికి పోతే నన్ను ఏ థియేటర్ల పెట్టుకుంటరు? వార్డుల కట్లు కట్టుకుంట కూసోవాల్నా ఈ వయసుల?"

అప్పటిదాకా నాకు ఇది ఒక ఫెయిలైన గది మాత్రమే. ఆ మాటతో ఒక మనిషి పని, పేరు నా పరికరం మీద వేలాడుతున్నాయని తెలిసింది.

అంతలో పెద్ద డాక్టరు వచ్చారు. థియేటర్ బట్టలు, టోపీ, మాస్కు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నిగనిగలాడుతూ ఉన్నారు. "స్టార్ట్ చెయ్యండి," అన్నారు.

"ఎవరూ లేకుండా కొలిస్తే మంచిది సార్."

"నా థియేటర్ల నేను లేకుండ ఏ పరీక్షా జరగది," అని పరికరం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కొలిచాను. ఫెయిలు. అయితే ఒక వింత. మా పరికరం కణాలను సైజుల వారీగా విడదీస్తుంది. సన్నవి చాలా తక్కువ ఉన్నాయి, పెద్దవి మాత్రం కుప్పలు తెప్పలు. ఫిల్టర్ చిరిగితే సన్నవీ పెద్దవీ అన్నీ దూరతాయి. అనుమానం తీరడానికి నిచ్చెన వేసుకుని ఫిల్టర్ అంచులన్నీ గాలించాను, ఎక్కడా లోపం లేదు. ఒక్క పెద్దవే పెరిగాయంటే, అవి పైనుంచి రావడం లేదు. గదిలోపల ఎవరి ఒంటి మీద నుంచో, బట్ట మీద నుంచో రాలుతున్నాయి.

అదే చెప్పాను. చెప్పాక గాని ఆ మాట ఎటు తిరుగుతుందో నాకు తట్టలేదు.

"చెప్పిన గద!" అన్నారు పెద్ద డాక్టరు. "ఫిల్టర్ బాగనే ఉన్నది. లోపల తుడుసుడు బాగలేదు. ఇగ మిషన్ గూడ అదే చెప్తుంది." ఆయన విసురుగా బయటికి వెళ్లిపోయారు.

సైదమ్మ నా వంక చూసింది. "నువ్వు గూడనా మేడం," అంది. గట్టిగా తిట్టినా బాగుండేది.

ఒక్కొక్కరే లోపలికి

వరండాలోకి వచ్చి పిచ్చయ్య గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరై కోదాడలో మనవరాలికి లెక్కలు చెప్పుకుంటున్నారు. సైదమ్మ సంగతి చెప్పి, అంకెలు చెప్పబోయాను.

"అంకె ఉండనీవమ్మా. అంకె వచ్చినప్పుడు లోపల ఎవరున్నారు?"

"నేను, డాక్టరుగారు."

"ఆ సిస్టరు?"

"బయట ఉంది, తలుపు దగ్గర."

"అంతకు ముందు ఫెయిలైన రెండుసార్లూ?"

సైదమ్మను అడిగాను. రెండుసార్లూ ఆమెను బయటే ఉంచారట. డాక్టరుగారు మాత్రం లోపలే ఉన్నారట. చలికాలంలో కూడా ఆయన లోపలే నిలబడ్డారట, మరి అప్పుడు పాసైంది. ఫోన్‌లో అదే చెప్పాను.

"అయితే చలికాలంలో లేనిది, ఎండాకాలంలో ఉన్నది ఏంటో చూడమ్మా," అని పెట్టేశారు. పాపకు భాగారాలు చెప్పాలట.

డాక్టరుగారిని మళ్లీ రప్పించడానికి ఒక చిన్న అబద్ధం ఆడాను. ఒక్కొక్కరినీ విడివిడిగా కొలిస్తే తప్పు ఎవరిదో రుజువైపోతుందని కబురు పంపాను. అబద్ధం కూడా కాదు, ఎవరి తప్పో చెప్పలేదంతే. ఆయన ఉత్సాహంగా వచ్చారు.

ముందు ఖాళీ గది కొలిచాను, పరికరాన్ని లోపల పెట్టి, బయట అద్దంలోంచి చూస్తూ. అంకె చాలా తక్కువ. తరవాత నేను వెళ్లి నిలబడ్డాను, కొద్దిగా పెరిగింది. తరవాత సైదమ్మ.

"ఊకె నిలవడితే ఎట్ల తెలుస్తది?" అని ఆమె తనే చేతులూపింది, ఒంగింది, తుడుస్తున్నట్టు నాలుగు మూలలా తిరిగింది, ఆఖరికి పరికరం ముందు నిలబడి థియేటర్ బట్టల్లో కొంగు లేని భుజాన్ని కొంగున్నట్టే దులిపింది. అంకె నాకొచ్చినదానికంటే తక్కువే.

"ఇప్పుడు మీరు సార్."

ఆయన లోపలికి అడుగుపెట్టారు. ఏమీ చేయలేదు, చేతులు మాత్రం కట్టుకున్నారు. పరికరం కీచుమంది. అంకె పెరిగింది, ఇంకా పెరిగింది, ఎర్ర దీపం వెలిగింది. అద్దంలోంచి చూస్తున్న నాకు అప్పుడు కనిపించింది. టోపీకి, చొక్కా మెడకు మధ్య చర్మం మీద తెల్లటి గీత, పెళ్లికొడుకు మెడలా. సూర్యాపేట ఎండ, చెమటకాయలు, చల్లచల్లగా ఉండే పౌడరు!

తలుపు తీసుకుని వెళ్లాను. "మిషన్ ఖరాబైనట్టున్నది," అన్నారాయన.

"మిషన్ బాగానే ఉంది సార్. ఒకసారి స్నానం చేసొచ్చి మళ్లీ నిలబడతారా?"

"స్నానమా? పొద్దుగాల చేసిన. టెస్ట్ ఉన్నదని ఇప్పుడే ఇంకోసారి చేసొచ్చిన."

"స్నానం చేశాక ఏం చేశారు సార్?"

"తుడుసుకున్న."

"తుడుచుకున్నాక?"

ఆయన ఏసీ గాలి వస్తున్న జాలీ వైపు చూశారు. "మెడకు జరంత పౌడర్ కొట్టిన."

"జరంతనా?" అంది గుమ్మంలోంచి సైదమ్మ. మాస్కు వెనక ఆమె నోరు కనిపించలేదు గాని, భుజాలు కదులుతున్నాయి.

ఆయన వెళ్లి తల దగ్గర నుంచి కాళ్ల దాకా కడుక్కుని, వేరే బట్టలు వేసుకుని వచ్చారు. మళ్లీ నిలబడ్డారు. అంకె సైదమ్మకు వచ్చినంతే వచ్చింది. పాస్.

నన్నడిగితే ఇందులో ఆయన తప్పు సగమే. పరీక్ష ఉందంటే ఇంకా శుభ్రంగా కనిపించాలనుకున్నారు, ఇంకోసారి స్నానం చేశారు, ఇంకో గుప్పెడు పౌడరు ఎక్కువ కొట్టారు. అందుకే రెండోసారి మరీ ఘోరంగా ఫెయిలైంది. సగం మాత్రం ఆయనదే. మూడు పరీక్షల్లోనూ లోపల ఉన్న మనిషిని వదిలేసి, బయట నిలబడ్డ మనిషిని పట్టుకున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లకు తాము గదిలో ఉన్నామన్న సంగతే గుర్తుండదు.

ఆయన వెళ్లిపోబోయారు. సైదమ్మ ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తలేదు. నేను రిటైర్మెంటుకు దగ్గరపడ్డదాన్ని, నాకేం భయం?

"సార్, సిస్టర్ సంగతి?"

"ఏమున్నది? రమ్మనుండ్రి." ఎవరితో అంటున్నారో తెలియకుండా అన్నారు.

"నేను రాను," అంది సైదమ్మ.

ఆయన ఆగిపోయారు. ఆ ఆస్పత్రిలో ఆ మాట ఆయన ఎప్పుడూ విని ఉండరు.

"ఇయ్యాల పౌడరని తెలిసింది, సరే. రేపు ఇంకోటి అయితది. మల్ల నా మీదికే వస్తది. నా థియేటర్ ఖరాబైతే నన్ను అనుండ్రి సార్, పడ్త. గానీ లోపలికి ఎవరొస్తున్నరో, ఎట్లొస్తున్నరో నేను సూడాలె. అందర్నీ సూస్త. మిమ్మల్ని గూడ సూస్త. తలుపు కాడ నేను సరే అంటేనే లోపలికి. గట్లయితే వస్త. లేకుంటే నాకు ఇంకేడన్న వార్డే మంచిగున్నది."

నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది, బ్యాగు జిప్పు లాగుతూ ఊరుకున్నాను. పెద్ద డాక్టరు అవుననలేదు, కాదనలేదు. వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున

మనుషులు పనిలో ఉండగా ఇంకోసారి కొలవాలి, అది నియమం. అందుకని మర్నాడు మొదటి ఆపరేషన్‌కు ముందే వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ కొలత కోసం కాదు, తలుపు దగ్గర ఎవరున్నారో చూద్దామని.

సైదమ్మ ఉంది. స్టూలు వేసుకుని, పక్కన ట్రేలో తడి గాజుగుడ్డ ముక్కలు పేర్చుకుని కూర్చుంది. మత్తు డాక్టరును ఆపి మెడ తుడిచి పంపింది. నన్ను ఆపి చెవుల వెనక కూడా తుడిచింది. వరండా బెంచీ మీద పేషెంటు తాలూకు వాళ్లు ఈ తంతు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

పెద్ద డాక్టరు వచ్చారు. ఎప్పటిలాగే వేగంగా, ఎవరినీ చూడకుండా. తలుపు దాకా వచ్చారు. సైదమ్మ స్టూలు మీద నుంచి లేచింది, కాని పక్కకు తప్పుకోలేదు. చేతిలో గాజుగుడ్డ.

ఆయన నా వైపు చూశారు, బెంచీ వైపు చూశారు. నేను గోడ మీద క్యాలెండరును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. బెంచీ మీదివాళ్లు చదవడానికి ఏమీ లేక అలాగే చూస్తున్నారు.

ఆయన టోపీ పైకి జరుపుకుని, మెడ వంచారు.

సైదమ్మ నెమ్మదిగా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తుడిచింది. గాజుగుడ్డను వెలుగులోకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంక ఉన్నది సార్. కడుక్కొని రాండ్రి."

లోపల పేషెంటు ఎదురు చూస్తున్నాడు. పెద్ద డాక్టరు వెనక్కి తిరిగి నల్లా దగ్గరికి నడిచారు.